ఐదో తరగతి ఎంట్రన్సు: ఎవరికి, ఎంతవరకు

ఐదో తరగతి పిల్లలు ఆరో తరగతి సీటు కోసం రాసే నవోదయ పరీక్ష రెండు గంటలు. 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు బొమ్మలకే. నాలుగింటిలో తేడాగా ఉన్నదాన్ని పట్టుకోవాలి, అద్దంలో పెడితే ఎలా కనిపిస్తుందో చెప్పాలి, కాగితం మడిచి చిల్లు పెట్టి విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ పడతాయో ఊహించాలి, పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మను వెతకాలి. మిగిలిన సగంలో 25 మార్కులు లెక్కలవి, 25 మార్కులు చదివి జవాబు గుర్తించే పేరాలవి. తప్పు గుర్తిస్తే మార్కుల కోత లేదు. మామూలుగా జిల్లాకు ఒక విద్యాలయం, ఆరో తరగతిలో మహా అయితే 80 సీట్లు. ఒకసారి రాసినవాళ్ళకు రెండోసారి అవకాశం లేదు.

ఈ చివరి నిబంధన మంచి ఉద్దేశంతోనే పెట్టారు. పిల్లలు ఏళ్ళ తరబడి అదే పరీక్ష చుట్టూ తిరగకూడదన్నది ఆలోచన. కానీ జరిగింది వేరు. ఉన్నది ఒక్క అవకాశమే కాబట్టి దానికి ముందు నుంచే సిద్ధం కావాలని తల్లిదండ్రులు అనుకున్నారు. దాంతో తయారీ ఐదో తరగతి నుంచి నాలుగుకు, నాలుగు నుంచి మూడుకు జరిగింది. ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో ఒక మాదిరి పట్టణం ఏదైనా సరే, "నవోదయ, సైనిక్, గురుకులం" అని మూడు పేర్లు ఒకే వరసలో రాసిన బోర్డు ఒక్కటైనా ఉంటుంది. మూడూ ఒకే జాతి పరీక్షలన్నట్టు, ఒకే మందు మూడు రోగాలకీ పనిచేస్తుందన్నట్టు ఉంటుంది ఆ బోర్డు.

అవి ఒకే జాతివి కావు. సైనిక్ స్కూల్ ఆరో తరగతి పరీక్షలో 125 ప్రశ్నలు, 300 మార్కులు, వ్యవధి రెండున్నర గంటలు. సగం మార్కులు, అంటే 150, ఒక్క లెక్కలకే. రీజనింగ్, భాష, జనరల్ నాలెడ్జ్ తలా 50. నవోదయలో బొమ్మలకున్న పెద్దపీట ఇక్కడ లెక్కలది. అదీ ఐదో తరగతి పాఠ్యపుస్తకంలో ఆగే లెక్క కాదు. నిష్పత్తులు, శాతాలు, లాభనష్టాలు, బారువడ్డీ వస్తాయి. బారువడ్డీ మన రాష్ట్రాల పుస్తకాల్లో పై తరగతులకు గానీ రాదు. ఇక తెలంగాణ గురుకులాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఐదో తరగతిలో చేరడానికి. దాన్ని రాసేది నాలుగో తరగతి పిల్లలు. తెలుగు 20, ఇంగ్లిష్ 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మెంటల్ ఎబిలిటీ 10, మొత్తం 100 మార్కులు. ప్రశ్నల స్థాయి నాలుగో తరగతిదే. మూడింటిలో బడి పుస్తకం శ్రద్ధగా చదివితే సరిపోయే పరీక్ష ఇదొక్కటే. దీనికి కూడా గైడ్లు, మోడల్ పేపర్లు కొనిపించడం వ్యాపారుల నేర్పు.

ఈ బడులు ఎలా పుట్టాయో ఒకసారి చూడాలి. ఎంపిక అన్నది వాటి పుట్టుకలోనే ఉంది. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలు 1962 జనవరిలో మొదలైంది. సైన్యంలో అధికారులు కాగల పిల్లల్ని చిన్నప్పుడే ఎంచి పెంచడం దాని పని. 1971లో పి.వి.నరసింహారావు హయాంలో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం తెరిచారు. తాడికొండ, కొడిగెనహళ్ళి తర్వాత వచ్చాయి. పల్లెటూరి తెలివైన పిల్లలకు పట్నపు కాన్వెంటుకు దీటైన చదువు ఉచితంగా ఇవ్వాలన్నది సంకల్పం. 1986 జాతీయ విద్యావిధానంతో దాదాపు దేశమంతటికీ వచ్చిన నవోదయలదీ అదే ఆలోచన. అందుకే అక్కడ కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. మంచి బడి అందరికీ ఇవ్వలేం, ప్రతిభ ఉన్న కొందరికైనా ఇద్దాం అన్న బేరం ఇది. ఆ బేరం సబబో కాదో యాభై ఏళ్ళుగా తేలలేదు. ఈలోగా తెలంగాణలో గురుకులాల సంఖ్య వెయ్యి దాకా పెరగడంతో అక్కడ ఏరివేత పదును కొంత తగ్గింది. సీట్లు పెరిగితే పరీక్ష దానంతటదే చిన్నదవుతుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

ప్రైవేటు బడుల సంగతి ఇంకా తమాషా. విద్యాహక్కు చట్టం 2009, 13వ సెక్షన్ ప్రకారం ఏ బడీ పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ వడపోసి చేర్చుకోకూడదు. చట్టం వర్తించేది ఎనిమిదో తరగతి దాకా. మొదటిసారి తప్పుకు 25 వేల రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా. లాటరీలాంటి పద్ధతి తప్ప ఒకరిని కాదని మరొకరిని ఎంచుకునే పద్ధతి ఏదైనా వడపోతే అని నిర్వచనం కూడా ఇచ్చింది. నవోదయ, సైనిక్ స్కూళ్ళను మాత్రం అదే చట్టం ప్రత్యేక కోవలో పెట్టింది. వాటి పరీక్షలు నడుస్తూనే ఉన్నాయి. మరి ప్రైవేటు బడులు మానేశాయా? పేరు మార్చాయి. ఒకచోట అది "ఇంటరాక్షన్", ఇంకోచోట "ప్లేస్‌మెంట్ టెస్ట్". కార్పొరేట్ స్కూళ్ళలో అయితే "స్కాలర్‌షిప్ టెస్ట్". రాసినవాళ్ళందరికీ ఏదో ఒక రాయితీ వస్తుంది. ఫీజు బోర్డు మీద ఒక అంకె ఉంటుంది, మీవాడి ర్యాంకుకు అందులో ఇంత తగ్గించామంటారు, తండ్రి సంతోషంగా మిగతాది కడతాడు. ఆ పరీక్ష అసలు పని చేరాక మొదలవుతుంది. ఎవరు ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్‌లో, ఎవరు మామూలు సెక్షన్‌లో అన్నది ఆ మార్కులు తేలుస్తాయి. ఇలాంటి పరీక్షకు పిల్లల్ని ప్రత్యేకంగా తయారు చేయడం వృథా. అది సీటు కోసం పెట్టిన పరీక్ష కాదు, ఖాతాదారుల కోసం పెట్టింది.

నిజంగా పోటీ ఉన్న పాత రెసిడెన్షియల్ ప్రైవేటు బడులు వేరు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ లాంటి చోట్ల సీట్లు కొన్నే ఉంటాయి. అక్కడ పరీక్షతో పాటు పిల్లతో, తల్లిదండ్రులతో మాట్లాడటానికీ విలువ ఉంది. ప్రైవేటు కాకపోయినా అలాంటిదే, ఎనిమిదో తరగతికి పిల్లల్ని తీసుకునే డెహ్రాడూన్ రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీ పరీక్షలో లెక్కలకు 200, ఇంగ్లిష్‌కు 125, జనరల్ నాలెడ్జ్‌కు 75 మార్కులు. ఇవి వేళ్ళ మీద లెక్కపెట్టగల కుటుంబాల వ్యవహారం కాబట్టి ఇంతటితో వదిలేస్తాను.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కోచింగ్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది, ఒక హద్దు దాకా. ఆ హద్దు ఎక్కడుందో ఎవరూ చెప్పరు, ఎందుకంటే చెబితే ఫీజు ఆగిపోతుంది. నవోదయ బొమ్మల పేపర్ చూడని పిల్లకి ఆ ప్రశ్న అడుగుతున్నదేమిటో అర్థం కావడానికే రెండు నిమిషాలు పడుతుంది. పది రకాల ప్రశ్నలు ఒక్కోటి నాలుగైదుసార్లు చేశాక ఆ తడబాటు పోతుంది. ఇది పెద్ద లాభం, తొందరగా వచ్చే లాభం. తెలివిని కొలిచే పరీక్షలు మళ్ళీ మళ్ళీ రాస్తే మార్కులు ఎంత పెరుగుతాయో 50 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2007లో వెలువడింది. రెండోసారి రాసినప్పుడు వచ్చే పెరుగుదలను మన భాషలో చెప్పుకుంటే, వందమందిలో సరిగ్గా మధ్యన ఉన్నవాడు పదిమందిని దాటి ముందుకెళ్ళినట్టు. కోచింగ్ తోడైతే ఇంకొంచెం. కటాఫ్ దగ్గర ఒక్క మార్కుకి పదులమంది బారులు తీరే పరీక్షలో ఆ పదిమందిని దాటడం చిన్న సంగతేమీ కాదు. కాకపోతే ఆ పదిమందీ కూడా అదే కోచింగ్‌లో కూర్చున్నారని మర్చిపోకూడదు. సీట్లు 80 కంటే పెరగవు. అందరూ మునివేళ్ళ మీద నిలబడితే ఎవరికీ బాగా కనిపించదు, కాళ్ళు మాత్రం అందరివీ నొప్పెడతాయి.

రెండో లాభం పుస్తకానికీ పరీక్షకూ మధ్య ఉన్న ఖాళీని పూడ్చడం. సైనిక్ పరీక్ష విషయంలో ఈ ఖాళీ నిజమైనది. బడిలో చెప్పని లెక్కలు ఎవరో ఒకరు చెప్పాలి. ఇంట్లో చెప్పగలవాళ్ళు ఉంటే సరే, లేకపోతే ట్యూషన్ తప్పదు. దీన్ని తల్లిదండ్రుల దురాశ అనడం అన్యాయం. పరీక్ష పెట్టినవాళ్ళే ఆ ఖాళీని వదిలారు.

మూడోది ఓఎంఆర్ షీటు నింపే అలవాటు. పదేళ్ళ పిల్ల పెన్నుతో గడి నింపేటప్పుడు ఒక వరస జారితే కింద ఇరవై జవాబులు జారతాయి. దీనికి కోచింగ్ సెంటర్ అక్కర్లేదు. జిరాక్స్ తీసిన షీట్లు పది చాలు.

ఈ మూడు దాటాక మిగిలేది భాష. అక్కడ కోచింగ్ దాదాపు నిస్సహాయంగా ఉంటుంది. నవోదయలో నాలుగు పేరాలిచ్చి ప్రశ్నలడుగుతారు. వాటికి చిట్కా లేదు. చదవడం వచ్చిన పిల్ల రాస్తుంది, రానిది ఊహిస్తుంది. మన ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడుల్లో ఐదో తరగతికి వచ్చిన పిల్లలు చాలామంది తెలుగు పేరా చదవడానికి తడుముకుంటారు, ఇంగ్లిష్ పేరా చదివి అర్థం చేసుకోలేరు. ఏ భాషలో పరీక్ష రాయించాలో తల్లికీ తెలియదు, పిల్లకీ తెలియదు. ఈ లోటు ఆర్నెల్ల కోర్సుతో పూడదు. మూడో తరగతి నుంచి తయారీ మొదలుపెట్టాలని పట్టుబట్టేవాళ్ళకు నేను చెప్పగల మాట ఒక్కటే: మొదలుపెట్టండి, కథల పుస్తకాలతో. రోజూ ఒక కథ, పిల్ల బయటికి చదవాలి, పెద్దవాళ్ళు వినాలి. పదాల అర్థాలు అడగకూడదు, "తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నావ్" అని అడగాలి. ఎక్కాలు 20 దాకా, భిన్నాల కూడికలు తీసివేతలు బల్ల మీద గీతలు గీసి చేయించడం. నాలుగో తరగతి అయ్యేదాకా ఇంతకుమించి ఏదీ ఎంట్రన్సు పేరుతో చేయించనక్కర్లేదు.

ఐదో తరగతిలో పరీక్షకు ఐదారు నెలల ముందు పాత పేపర్లు తీయాలి. బడి నుంచి వచ్చి ఆడుకున్నాక రోజుకు గంట చాలు, అందులో అరగంట లెక్కలు, ఇరవై నిమిషాలు బొమ్మలు. తప్పులకు ఒక నోట్‌బుక్ ఉండాలి. తప్పయిన లెక్కను వారం తర్వాత మళ్ళీ చేయించడం వల్ల జరిగే మేలు కొత్త లెక్కలు పది చేయించినా జరగదు. చివరి రెండు నెలలు ఆదివారం పొద్దున పూర్తి పేపర్, గడియారం పెట్టుకుని. మార్కులు గోడ మీద అంటించకూడదు. చాలా ఇళ్ళల్లో ఫ్రిజ్ మీద ఆ చార్టు ఉంటుంది. అది పిల్ల కోసం అంటారు గానీ ఇంటికొచ్చే చుట్టాలు చదవడానికే.

నేను గట్టిగా వద్దనేది ఒకటుంది: కోచింగ్ హాస్టల్. ఎనిమిదేళ్ళ, తొమ్మిదేళ్ళ పిల్లల్ని ఇంటి నుంచి తీసుకెళ్ళి ఒక అద్దె మేడలో పెట్టి, తెల్లవారుజామున లేపి బిట్లు చేయించే చోటు అది. చాలాచోట్ల పిల్లవాడి పేరు ఏదో పల్లెలోని బడి రిజిస్టర్‌లో ఉంటుంది. నవోదయలో గ్రామీణ సీటుకు మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలోనే చదివి ఉండాలి కాబట్టి రికార్డులో పల్లె, మనిషి పట్నంలో. పల్లె పిల్లల కోసం పెట్టిన నిబంధన ఇలా పల్లె పిల్లలకే ఎదురుతిరిగింది. అక్కడ నిజంగా ఆ బడిలో కూర్చున్న పిల్ల, టీచరు ఇచ్చిన అప్లికేషనే తప్ప పేపరు ముఖం చూడని పిల్ల, ఈ హాస్టల్ పిల్లలతో పోటీ పడుతుంది. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలిస్తూ 16 ఏళ్ళలోపు వాళ్ళను చేర్చుకోవద్దంది. ఆ కాగితం వచ్చినప్పుడు అందరూ ఐఐటీ, నీట్ గురించే మాట్లాడారు. తొమ్మిదేళ్ళ పిల్లల హాస్టళ్ళను ఎవరూ తలవలేదు. కోచింగ్ సెంటర్‌లో సీటుకే ఎంట్రన్సు, ఆ ఎంట్రన్సుకు మళ్ళీ కోచింగ్ అన్న వింత నల్లకుంటలో చుక్కా రామయ్య గారి ఐఐటీ స్టడీ సర్కిల్ రోజుల నుంచీ మనకు అలవాటే. అప్పుడు ఆ వరసలో నిలబడ్డవాళ్ళు ఇంటర్ పిల్లలు. ఇప్పుడు నిలబడుతున్నవాళ్ళకు పాలపళ్ళు ఊడుతున్నాయి.

ఇంకో అన్యాయం పరీక్షలోనే ఉంది. నవోదయకు అర్హమైన పుట్టిన తేదీల మధ్య రెండేళ్ళకు పైగా తేడా ఉంటుంది. సైనిక్ ఆరో తరగతికి వయసు 10 నుంచి 12. ఆ వయసులో ఏడాది అంటే చాలా పెద్ద తేడా. ఇంగ్లండ్‌లో గ్రామర్ స్కూళ్ళకు రాసే ఎలెవెన్ ప్లస్ పరీక్షలో చిన్న వయసు పిల్లలకు నెలల లెక్కన మార్కులు సర్దుతారు. మన దగ్గర ఆ ఊసే లేదు. దాని ఫలితం ఊహించదగ్గదే. సైనిక్ పరీక్ష వయసు సరిపోతే రెండోసారి కూడా రాయొచ్చు కాబట్టి, అందుకోసం చదువులో ఏడాది వెనక్కి జరిగే పిల్లలున్నారు. చిన్న వయసులో తొందరగా చేర్పించిన తల్లిదండ్రులకు ఈ సంగతి ఐదో తరగతిలో గానీ తెలియదు.

ఎలెవెన్ ప్లస్ అన్నాను కాబట్టి బయటి అనుభవం రెండు ముక్కలు. 1944 విద్యాచట్టం తర్వాత ఇంగ్లండ్ పదకొండేళ్ళకే పిల్లల్ని విడదీసింది. 1965 నుంచి చాలా ప్రాంతాలు ఆ పద్ధతి మానేశాయి. మిగిలిన 163 గ్రామర్ స్కూళ్ళ చుట్టూ ఇవాళా ట్యూషన్ల జాతర. స్లౌ, రెడింగ్ లాంటి చోట్ల ఇళ్ళు వెతుక్కునే తెలుగు కుటుంబాలకు ఈ పరీక్ష పేరు బాగా తెలుసు. బకింగ్‌హామ్‌షైర్ కౌంటీ 2013లో కోచింగ్‌కు లొంగని పరీక్ష అని ఒకటి తెచ్చింది. కొన్నేళ్ళకే దాన్ని వదిలేసి పాత తరహాకు వెళ్ళిపోయింది. కోచింగ్‌కు లొంగని పరీక్ష ఇంతవరకూ ఎవరూ తయారు చేయలేదు.

కొరియా కథ ఇంకా బాగుంటుంది. 1964 డిసెంబరులో సియోల్ మిడిల్ స్కూల్ ప్రవేశ పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది: యొత్ అనే పాకం మిఠాయి చేయడానికి మొలకధాన్యం బదులు ఏం వాడొచ్చు? ప్రభుత్వం చెప్పిన జవాబు డయాస్టేస్ అనే ఎంజైమ్. ముల్లంగి రసం అని గుర్తించిన పిల్లలకు ఆ ఒక్క మార్కుతో సీటు పోయింది. ముల్లంగిలోనూ ఆ ఎంజైమ్ ఉంటుంది. తల్లులు ముల్లంగి రసంతో మిఠాయి చేసి తీసుకెళ్ళి అధికారుల ముందు పెట్టారు. కోర్టుకెళ్ళి గెలిచారు. ఆ గొడవ ఒక్కటే కారణం కాదుగానీ, ఇలాంటివి పేరుకుని 1969 నుంచి సియోల్ మిడిల్ స్కూల్ ప్రవేశ పరీక్షను ఎత్తేసి లాటరీ పెట్టింది. ట్యూషన్లు పోలేదు, పై తరగతులకు మారాయి. కానీ ఆరో తరగతి పిల్లలు రాత్రి నిద్రపోగలిగారు. మన దగ్గర కేంద్రీయ విద్యాలయాల్లో ఒకటో తరగతికి లాటరీయే ఉంది. దానివల్ల ఎవరూ నిలవ నీడ లేకుండా పోలేదు. ఆరో తరగతికి, కనీసం ఒక స్థాయి దాటినవాళ్ళ మధ్య చీటీలు వేస్తే నష్టమేమిటన్నది అడగాల్సిన ప్రశ్నే.

సీటు వచ్చాక ఏమవుతుందన్నది తయారీ రోజుల్లో ఎవరూ మాట్లాడరు. నవోదయలో తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం దాకా ఏడాది పాటు వేరే భాషా ప్రాంతానికి వెళ్ళాలి. మన పిల్లలైతే హిందీ రాష్ట్రానికి. చాలామంది తల్లిదండ్రులకు ఇది ఎనిమిదో తరగతి చివర తెలుస్తుంది. 2013 నుంచి 2017 మధ్య నవోదయల్లో 49 మంది పిల్లలు ఆత్మహత్య చేసుకున్నారని 2018 చివర్లో పత్రికల్లో వచ్చింది. వాళ్ళలో సగం మంది దళిత, ఆదివాసీ పిల్లలు. పదకొండేళ్ళకు ఇల్లు వదలడం అందరికీ ఒకేలా పట్టదు. దసరా సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళనని మొండికేసే పిల్లలు ప్రతి ఊళ్ళో ఉంటారు. అప్పుడు "ఎంత కష్టపడి సీటు తెచ్చుకున్నాం" అన్న మాట ఆ పిల్ల మీద పడుతుంది. సైనిక్ స్కూలు ఉచితం కూడా కాదు, ఖర్చు ఏడాదికి లక్ష దాటుతుంది. స్కాలర్‌షిప్పులున్నాయి గానీ అందరికీ కాదు. 2022 నుంచి ప్రైవేటు యాజమాన్యాల భాగస్వామ్యంతో కొత్త సైనిక్ స్కూళ్ళు వస్తున్నాయి. పేరు ఒకటే అయినా ఫీజు, వసతి ఒకటి కావు. అప్లికేషన్‌లో ఆప్షన్లు పెట్టేముందు ఏది ఏదో చూసుకోవాలి.

కాబట్టి ఎలా తయారు చేయాలన్నదానికి ముందు అడగాల్సింది ఒకటుంది: సీటు రాకపోతే ఆ పిల్లకు ఎదురుగా ఏముంది? నాన్న కూలికెళ్ళే ఇంట్లో, ఊళ్ళో ఐదుతోనే బడి ఆగిపోయేచోట, నవోదయ గానీ గురుకులం గానీ జీవితాన్ని మార్చే సంగతి. తిండి, బట్ట, పుస్తకం, ఆడపిల్లయితే పెళ్ళి నుంచి కొన్నేళ్ళు గడువు, అన్నీ అందులో ఉన్నాయి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మేలో పదమూడేళ్ళకు ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కథ అందరికీ తెలుసు. ఆ పిల్లల కోసం టీచర్లు, చదువుకున్న ఊరివాళ్ళు సాయంత్రం ఒక గంట పాత పేపర్లు చేయిస్తే అంతకంటే మంచి కోచింగ్ లేదు. పట్నంలో రెండు జీతాల ఇంట్లో, నడిచి వెళ్ళేంత దూరంలో మూడు మంచి బడులున్నచోట, అదే పరీక్ష ఎక్కువభాగం పెద్దవాళ్ళ ముచ్చట. రాయించడంలో తప్పులేదు. దాని కోసం మూడేళ్ళు ఖర్చుపెట్టడం మాత్రం నాకు లెక్క కుదరదు. అలాంటి ఇళ్ళల్లో కోచింగ్‌కు కొడుకునే పంపి, సైనిక్ స్కూళ్ళు 2021 నుంచి ఆడపిల్లల్ని తీసుకుంటున్నా కూతుర్ని అడగకపోవడం ఇంకో సంగతి.

రాయించాలనుకున్నవాళ్ళు ముందు చేయాల్సిన పనులు పుస్తకాల షాపులో లేవు. సైనిక్ స్కూలు అయితే కోచింగ్ ఫీజు కట్టేముందు పిల్లకి కళ్ళు, చెవులు చూపించాలి. రాతపరీక్ష గట్టెక్కి మెడికల్‌లో ఆగిపోయే పిల్లలున్నారు. నవోదయ అయితే ఆధార్‌లో, బడి రిజిస్టర్‌లో, జనన ధ్రువపత్రంలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా, మూడు నుంచి ఐదు తరగతులు ఎక్కడ చదివారన్న స్టడీ సర్టిఫికెట్‌లో తేదీలు సరిగ్గా పడ్డాయా, కులం సర్టిఫికెట్ చేతిలో ఉందా అన్నవి వేసవి సెలవుల్లోనే హెడ్‌మాస్టరు దగ్గరా మండల ఆఫీసులోనూ తేల్చుకోవాలి. జాబితాలో పేరు చూసుకున్న తర్వాత కూడా సీటు జారిపోయేది ఈ కాగితాల దగ్గరే. మూడేళ్ళు కోచింగ్ ఇచ్చినవాళ్ళు వీటి గురించి ఒక్కసారి కూడా అడిగి ఉండరు.